తరుగు

నల్లగొండల గడియారం సెంటరు దాటినంక
మూడో అంతస్తుల మా ఆఫీసు.
కింద మిర్చి బజ్జీల బండి,
పైన పద్నాలుగు దేశాలల్ల కొమ్మలున్న కంపెనీ పేరు.
మేం రాసేది కాంటా బుర్రల లెక్క:
వడ్లెన్ని, తేమెంత, ఉత్త సంచి బరువెంత.

మొయిన్ సారు ఉన్నన్ని రోజులు
కొత్తగ చేరినోళ్లకు వారం దాకా కంప్యూటరు ఇయ్యకపోయేది.
మిర్యాలగూడ యార్డుకు తోలేది.
"పో, హమాలీ సైదులు పక్కన నిలబడు.
ఆయన మొదలు ఏం చూస్తడో చూసి రా."

సైదులు మొదలు ఏమీ లేని కాంటాను చూస్తడు.
పళ్లెం మీది పొట్టు ఊడ్చి, అరచేత్తో ఒకటి తట్టి,
సున్నా నిలబడ్డంకనే బస్తా ఎత్తుతడు.
వచ్చి అదే చెప్పిన.
సారు నవ్వలే. "ఇగ రాయి" అన్నడు.

నా మొదటి పరీక్ష సున్నాకే.
కరెంటు పోయొస్తే సున్నా ఉంటదా,
వాన కొట్టినంక ఉంటదా,
పళ్లెం మీదికి మేక ఎక్కి దిగితే ఉంటదా.
పరీక్షకు మేక అనే పేరు పెట్టిన.
సారు కొట్టెయ్యలే.

తర్వాత పైన మారిండ్రు.
ఏడాదిన్నరల ముగ్గురు.
మొదటాయన మనది కుటుంబం అన్నడు,
రెండో ఆమె ఇదొక ప్రయాణం అన్నది,
మూడో ఆయన పేరు నా నోటికి తిరిగేలోపల
మొయిన్ సారుకు దండ, శాలువా, ఓ గోడగడియారం.
"ఎందుకు" అని అడిగితే
"ఎప్పటికల్ల" అని జవాబు వచ్చుడు మొదలైంది.

మీటింగుల గోడ నిండ పచ్చ చుక్కలు.
గడ్డి గూడ పచ్చగనే ఉంటదని
చెప్పేటోళ్లు ఎవరున్నరు?

తెర మీద మైనస్ కనబడితే అందం చెడ్తదని
సున్నాకు తక్కువున్నా సున్నా చూపెట్టమన్నరు.
మేక ఒప్పుకోలే. ఎర్రబడ్డది.
నాలుగు నిమిషాలు తింటదని మేకనే తీసేసిండ్రు.
చుక్క పచ్చబడ్డది. చప్పట్లు.
నేను గూడ కొట్టిన.

యాసంగి వడ్లు దిగే రోజులు,
ఉరిమి, కరెంటు పోయొచ్చిన మాపటియాళ్ల
పళ్లెం మీద తడిసిన బరకం ముక్క ఉండె.
డబ్బా దాన్నే సున్నా అనుకున్నది.
సైదులు బరకం తీసిండు, ఊడ్చిండు, తట్టిండు, చూసిండు:
సున్నా.
కేతావత్ దస్లీ బస్తాలు ఒక్కొక్కటే ఎక్కినయ్.

పదకొండో బస్తాకు నాకు ఫోను.
"బిడ్డా, మీ డబ్బా బస్తాకు కిలోన్నర మింగుతున్నది."
"మెషీను తప్పు చెప్పదు గద మామా."
ఆ మాట నా నోట్లకు ఎప్పుడొచ్చి కూసున్నదో.
"ముప్పై ఏండ్ల సంది బరువు నా మెడకు తెలుసు" అని పెట్టేసిండు.

దస్లీ ఏమనలే.
తేమకు తరుగు, తాలుకు తరుగు, సంచికి తరుగు,
ఇది గూడ ఏదో ఒక తరుగు అనుకున్నదట.
మేమిచ్చిన చీటీల దానికి పేరు గూడ లేదు.

రాత్రికి రాత్రి తప్పు రాసి పంపిన.
తెల్లారేసరికి మూసేసిండ్రు, "అంత ముఖ్యం కాదు" అని.
తెరిచిన. మూసిండ్రు.
మూసినోడు మొన్నటిదాకా నా పక్క కుర్చీనే,
సైదులు కాడ వారం నిలబడి వచ్చినోడే.

మాకు గూడ తీసిండ్రు తరుగు.
ఒక్కపాలి కాదు,
నెలకొక ప్రశ్న చొప్పున.
జీతం చీటీల ఎంత వెతికినా దొరకది.

ఆదివారం మొయిన్ సారు ఇంటికి పోయిన.
ఏం చెప్పకముందే లోపలికి పోయి
కంపెనీ కప్పిన శాలువాల చుట్టి
ఇరవై కిలోల తూకపురాయి తెచ్చి పెట్టిండు.
చాయ్ తాగి పొమ్మన్నడు.

మిర్యాలగూడ బస్సుల కండక్టరు కాలితో జరిపి
"ఇరవై ఉంటదా?" అన్నడు.
లగేజీ టికెట్ తీసుకున్న.

మేకను మళ్ల రాసిన, నా సొంత కంప్యూటర్ల.
నాలుగు నిమిషాలు తింటది.
తిననీ.